చెడిపోయిందంటే నమ్మాలి

"కొత్త కంప్యూటర్ కొందామనుకుంటున్నాను, సర్వీసు ఎవరిది బాగుంటుంది?" ఆఫీసులో కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసేది నేనే కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది. అడిగినవాళ్ళు ఒక కంపెనీ పేరు చెబుతానని చూస్తారు. నేను చెప్పలేను. ఒకే కంపెనీ ఒకరికి మర్నాడే మనిషిని పంపి మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) మార్చి ఇస్తుంది, ఇంకొకరిని నెలల తరబడి తిప్పుతుంది. ఆఫీసులకు అమ్మే మోడళ్ళకు ఒక ఫోన్ లైను, ఇళ్ళకు అమ్మేవాటికి ఇంకో లైను. రెండింటి వెనకా ఉండే మనుషులు వేరు, వాళ్ళకిచ్చిన అధికారాలు వేరు. అందుకే పేరు పెట్టి చెప్పడం కష్టం. కానీ మంచి సర్వీసుకీ చెడ్డ సర్వీసుకీ తేడా ఎక్కడ మొదలవుతుందన్న దాని మీద మాత్రం నాకు కొన్నేళ్ళుగా ఒక అభిప్రాయం ఉంది. ఈ మధ్య ఒక పాత కేసు వివరాలు మళ్ళీ చదివాక అది ఇంకా గట్టిపడింది.

నా అభిప్రాయం ఇది. "నా కంప్యూటర్ చెడిపోయింది" అని కొన్నవాళ్ళు చెప్పినప్పుడు కంపెనీ ముందు నమ్ముతుందా, నిరూపించుకోమంటుందా? సర్వీసు మంచిదో కాదో అక్కడే తేలిపోతుంది. ఫోన్ ఎంత తొందరగా ఎత్తారు, గొంతు ఎంత మర్యాదగా ఉంది, ఎన్నిసార్లు సారీ చెప్పారు, ఇవన్నీ దాని తర్వాతి సంగతులు. నమ్మకుండా ఎంత మర్యాద చూపించినా ఆ మర్యాద మన టైము తినడానికే పనికొస్తుంది.

కష్టమైన లెక్కలు చేయించారట

నేను మళ్ళీ చదివిన కేసు డెల్ కంపెనీది. 2003 మే నుంచి 2005 జూలై వరకు ఆ కంపెనీ అమ్మిన ఆప్టిప్లెక్స్ డెస్క్‌టాప్‌లలో చాలావాటి మదర్‌బోర్డుల మీద నాసిరకం కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు నిల్వచేసి అందించే భాగాలు) ఉన్నాయి. చిటికెన వేలి గోరంత డబ్బాల్లా బోర్డు మీద నిలబడి ఉంటాయే, అవి. మంచి కెపాసిటర్ నెత్తి బల్లపరుపుగా ఉంటుంది. పాడయ్యేది ముందు పైకి ఉబ్బుతుంది, తర్వాత నెత్తి చిట్లి గోధుమరంగు ద్రవం కారి గడ్డకడుతుంది. కంప్యూటర్ మూత తీసి చూస్తే కంటికే కనిపించే జబ్బు అది. అప్పట్లో ఈ బెడద ఒక్క డెల్‌కే కాదు, ఇంకా చాలా కంపెనీల బోర్డులకు ఉంది.

ఈ వ్యవహారం మీద ఒక ఇంటర్నెట్ కంపెనీ కోర్టుకెళ్ళింది. 2010లో ఆ దావా పత్రాలు బయటికొచ్చాయి. ఆ రెండేళ్ళలో అమ్మినవాటిలో ఈ ప్రమాదం ఉన్న కంప్యూటర్లు కనీసం 1 కోటి 18 లక్షలని అప్పటి వార్తలు రాశాయి. బోర్డుల్లో లోపం ఉందని ధ్వనించే మాటలేవీ వాడొద్దని ఉద్యోగులు ఒకరికొకరు రాసుకున్న ఈమెయిళ్ళు అందులో ఉన్నాయి. నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో చిన్న సంగతి. టెక్సస్ యూనివర్సిటీ గణిత విభాగంలో కంప్యూటర్లు ఒకటొకటిగా పోతుంటే డెల్‌కు చెప్పారు. కంపెనీ వాటిని పరీక్షించి, మీరు వాటితో మరీ కష్టమైన లెక్కలు చేయించారు, ఆ ఒత్తిడికి పోయాయి అని జవాబిచ్చిందట. కంప్యూటర్‌తో లెక్కలు చేయించడం వాడినవాళ్ళ తప్పయింది. 1984లో మైకేల్ డెల్ హాస్టల్ గదిలో కంపెనీ మొదలుపెట్టింది టెక్సస్ యూనివర్సిటీలో చదువుకుంటూనే. సొంత చోటి గణితం పంతుళ్ళ మాటకే ఆ విలువ దక్కితే, దారిన పోయేవాళ్ళు ఫోన్ చేసి చెప్పేదానికి ఎంత విలువుంటుంది? కోర్టులో డెల్ తరఫున వాదిస్తున్న లాయర్ల సంస్థలోనే అనుమానం ఉన్న కంప్యూటర్లు వెయ్యి ఉంటే, వాటిని బాగుచేయడానికి కూడా కంపెనీ వెనకాడిందని అదే పత్రాల్లో ఉంది.

డెల్ ఏమీ చేయలేదని నేను అనను. ఆ మోడళ్ళ వారంటీ పొడిగించింది, 2005లో సుమారు 30 కోట్ల డాలర్లు దీనికోసం లెక్కలో పక్కన పెట్టింది. నా బాధ డబ్బు గురించి కాదు. ఆ మధ్యకాలంలో ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ చెప్పింది నిజం. ఆ నిజం కంపెనీలో పైవాళ్ళకు తెలుసు. ఫోనెత్తిన మనిషికి బహుశా తెలియదు, తెలిసినా అనే వీల్లేదు. ఇద్దరి మధ్యలో చిక్కుకున్నది, తన కళ్ళతో చూసినదాన్ని చెబుతున్న కస్టమర్.

ఇంతకు పదేళ్ళ ముందు, కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఇంటెల్ కూడా ఇదే దారిలో నడిచింది. 1994లో థామస్ నైస్లీ అనే గణిత ప్రొఫెసర్ కవల ప్రధాన సంఖ్యల (11, 13 లాగా రెండే తేడా ఉన్న ప్రధాన సంఖ్యల) వ్యుత్క్రమాలను (1/11, 1/13 లాంటివాటిని) కూడుతుంటే, కొత్త పెంటియం చిప్ ఉన్న కంప్యూటర్ తప్పు జవాబులు ఇస్తున్నట్టు తేలింది. 4195835ను 3145727తో భాగిస్తే 1.3338 రావాలి, పెంటియం 1.3337 ఇచ్చేది. మామూలు వాడకందారుకు ఇది 27,000 ఏళ్ళకోసారి ఎదురవుతుందని ఇంటెల్ సర్దిచెప్పింది. పెద్ద లెక్కలు చేసేవాళ్ళు మాత్రం తమకు నిజంగా అవసరం ఉందని ఒప్పిస్తే చిప్ మారుస్తామంది. జనానికి మంటెత్తించింది ఆ షరతే. లోపం మీది, అవసరం నేను నిరూపించుకోవాలా? డిసెంబరు 12న ఐబీఎం ఆ చిప్ ఉన్న కంప్యూటర్ల సరఫరా ఆపేసింది. డిసెంబరు 20న ఇంటెల్ దిగొచ్చి, అడిగినవాళ్ళందరికీ కారణం అడక్కుండా మారుస్తామని ప్రకటించింది. దానికి పెట్టుకున్న ఖర్చు 47.5 కోట్ల డాలర్లు. అయినా, అడిగితే చాలు ఇస్తామన్నాక ఎగబడినవాళ్ళు తక్కువ. పెంటియం ఉన్నవాళ్ళలో కొద్ది భాగమే చిప్ మార్పించుకున్నారు. చాలామందికి కావలసింది కొత్త చిప్ కాదు, తమ మాట చెల్లడం.

ఆమె నమ్మింది, ఆమె ముందున్న తెర నమ్మలేదు

పెద్ద కేసులు సరే. మామూలు రోజుల్లో, ఒక్క మెషీను విషయంలో అపనమ్మకం ఎలా పనిచేస్తుందో నాకు నా సొంత ల్యాప్‌టాప్‌తో తెలిసింది. మూతను కొంత కోణం దాటి వెనక్కి వంచితే స్క్రీన్ నల్లబడేది. కాస్త ముందుకు లాగితే మళ్ళీ వచ్చేది. బయటి మానిటర్ తగిలిస్తే మూత ఏ కోణంలో ఉన్నా అందులో బొమ్మ చక్కగా ఉండేది. దాన్నిబట్టి లోపలి బోర్డు, గ్రాఫిక్స్ అన్నీ సరిగ్గానే ఉన్నాయని, హింజ్‌లోంచి (మూత మడతపడే బందులోంచి) స్క్రీన్‌కి వెళ్ళే సన్నని కేబుల్ మూత తెరిచీ మూసీ నలిగిపోయిందని తెలుస్తూనే ఉంది.

ఫోన్ చేసి ఈ మాటే చెప్పాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా అంతా విని, "అర్థమైంది సర్. ముందుగా మనం విండోస్ రీసెట్ చేద్దాం" అంది.

"కోణం మారితే పోయేది విండోస్ వల్ల ఎలా అవుతుందండీ?"

"మీరన్నది నిజమే సర్. కానీ ఆ స్టెప్ అయినట్టు ఎంటర్ చేస్తే తప్ప నాకు తర్వాతి పేజీ ఓపెన్ కాదు."

ఆ జవాబు మీద నాకు కోపం రాలేదు, జాలేసింది. ఆమెకు విషయం అర్థమైంది. నమ్మింది కూడా. కానీ ఆమె నమ్మకానికి ఆ సంస్థలో చోటు లేదు. ఆమె ముందున్న తెరలో "కస్టమర్ చెప్పింది సబబుగా ఉంది, నేరుగా కేబుల్ మార్చండి" అనే బటన్ లేదు.

సర్వీస్ సెంటర్‌కి పంపితే అక్కడ ఇంకో ముచ్చట. ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి, మూత నిలువుగా తెరిచి, రాత్రంతా టెస్టు నడిపారు. నిలువుగా ఉన్నంతసేపూ దానికి ఏ సమస్యా రాదు. "లోపం కనబడలేదు" అని చీటీ అంటించి తిరిగి పంపారు. ఆ చీటీలో "కస్టమర్ ఫిర్యాదు" అన్న గడిలో ఉన్నది "డిస్‌ప్లే సమస్య" అన్న రెండు మాటలే. కోణం, బయటి మానిటర్, ముందుకు లాగితే రావడం, నేను ఫోనులో చెప్పిన పనికొచ్చే వివరమంతా ఆ రెండు మాటలుగా కుదించుకుపోయింది. బల్ల దగ్గరి ఇంజినీరును తప్పుపట్టలేను. అతనికి అందింది అంతే. చివరికి మూత మెల్లగా వంచుతూ స్క్రీన్ ఆరిపోవడం, మళ్ళీ వెలగడం వీడియో తీసి కేసు నంబరుతో మెయిల్ చేస్తే అప్పుడు కేబుల్ మార్చారు. కేబుల్ మారాక ఎంత వెనక్కి వంచినా స్క్రీన్ ఆరలేదు.

దీనికి పూర్తిగా ఎదురైన అనుభవం ఒకటి ఆఫీసు డెస్క్‌టాప్‌తో జరిగింది. కంపెనీ వేరు, లైను వేరు. మెషీను ఆన్ కావడం లేదు, పవర్ బటన్ లైటు నారింజ రంగులో ఆగి ఆగి మిణుకుమంటోంది. ఫోనెత్తిన ఆయన ఒక్కటే అడిగాడు: "ఎన్నిసార్లు మిణుకుమని ఆగుతోంది సర్? కాస్త లెక్కపెట్టి చెప్పండి." చెప్పాను. మెషీను తన జబ్బు తాను చెప్పుకోవడానికే ఆ లైటు పెడతారు. ఏ వరసలో మిణుకుమంటే ఏం పోయినట్టో ఆ కంపెనీ మాన్యువల్లోనే ఉంటుంది. ఆయన విని, "బోర్డు గానీ పవర్ సప్లై గానీ అయ్యుండాలి. రెండూ పంపిస్తున్నాను. వచ్చినాయన ఏది పోతే అది మార్చి, రెండోది వెనక్కి తీసుకెళ్తాడు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నేను కాసేపు ఆ మాట గురించే ఆలోచించాను. ఆయన తెలివైనవాడే, కానీ తెలివి ఆ అమ్మాయికీ ఉంది. ఆయన దగ్గర అదనంగా ఉన్నది, ఒకటి అనవసరమవుతుందని తెలిసి కూడా రెండు పార్టులు పంపే అధికారం. ఆ అధికారం ఎవరో పైనుంచి ఇచ్చారు. కస్టమర్ సపోర్ట్ బాగుండటమంటే నాకు ఆ అధికారమే.

కాల్ సెంటర్లలో పనిని కొలిచే పద్ధతి దీనికి అడ్డం పడుతుంది. ఒక్కో కాల్‌కు సగటున ఎంత సమయం పట్టింది అన్నది అక్కడ ప్రధానమైన కొలత. అది పెరిగితే ఫోనెత్తినవాళ్ళకు మాట పడుతుంది. కాల్ తొందరగా ముగించడానికి తేలికైన దారి, కస్టమర్‌కి ఎక్కువసేపు పట్టే పని ఒకటి అప్పజెప్పి, అది అయ్యాక మళ్ళీ చేయమనడం. విండోస్ మళ్ళీ ఎక్కించమనే సలహా ఇంత తరచుగా ఎందుకొస్తుందో నాకు ఇలాగే అర్థమైంది. అది చేసేలోపు ఆ కాల్ ముగుస్తుంది, మళ్ళీ చేసేది ఇంకొకరికి పోతుంది. మొదటి కాల్‌లోనే సమస్య తేలిపోయిందా అనే కొలత కూడా ఉంది, దాన్ని పట్టించుకునే చోట్ల పరిస్థితి మెరుగ్గానే ఉంటుంది. నన్నడిగితే మూడోది ఒకటి కావాలి: కస్టమర్ ఒకే కథను ఎంతమందికి మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది? ఈ ఒక్క లెక్క ఏ కంపెనీ అయినా బయటపెడితే, దాని సర్వీసు గురించి ఇంకేమీ అడగక్కర్లేదు.

ఇప్పుడు ఫోనుకు ముందు చాట్‌బాట్‌తో మాట్లాడమంటున్నారు. యంత్రం మాట్లాడటం మీద నాకు అభ్యంతరం లేదు. సీరియల్ నంబరు తీసుకోవడం, వారంటీ ఉందో లేదో చూడటం అది మనిషికన్నా వేగంగా చేస్తుంది. దానికి పూసగుచ్చినట్టు అంతా టైప్ చేశాక, మనిషి లైనులోకి వచ్చి "చెప్పండి సర్, సమస్య ఏంటి?" అంటే మాత్రం ఆ టైప్ చేయించడం ఎందుకో నాకు తెలియదు.

స్క్రిప్టు తరఫున చెప్పాల్సింది

సపోర్ట్‌లో పనిచేసిన మిత్రుడొకరు నా వాదన విని ఒప్పుకోలేదు. "నీలాంటివాడు కేబుల్ పోయిందని చెబితే కేబులే. కానీ మదర్‌బోర్డు పోయిందని గట్టిగా చెప్పేవాళ్ళలో చాలామంది ఛార్జర్ ప్లగ్ సరిగ్గా పెట్టరు. ఫోనులో ఇద్దరి గొంతులూ ఒకేలా ఉంటాయి, ఎవరిని నమ్మాలి?" అన్నాడు. దీనికి నా దగ్గర చటుక్కున జవాబు లేకపోయింది. ఆఫీసులో నా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లోనే సగం వైరు ఊడిపోయినవో, స్విచ్ వేయనివో ఉంటాయి. ఫోనెత్తినవాళ్ళు వరసగా అడగాల్సిన ప్రశ్నల జాబితా, అదే స్క్రిప్టు, రాసినవాళ్ళు ఈ అనుభవంతోనే రాశారు. పవర్ తీసేసి, బటన్ కాసేపు నొక్కిపట్టి, మళ్ళీ పెట్టమనడం వింటే చిరాకేస్తుంది గానీ, అది నిజంగానే చాలా మెషీన్లను లేపుతుంది.

ఇంకొకటి కూడా నిజం. కంప్యూటర్ల అమ్మకంలో మిగిలేది తక్కువ. ఒక మదర్‌బోర్డు, దాన్ని మార్చడానికి ఒక మనిషి ప్రయాణం కలిపితే ఆ మెషీను మీద వచ్చిన లాభమంతా పోవచ్చు. కింద పడేసి "దానంతటదే పగిలింది" అనేవాళ్ళు ఉంటారు, కాఫీ ఒలకబోసి ఆరబెట్టి పంపేవాళ్ళు ఉంటారు. కంపెనీ ప్రతి మాటా గుడ్డిగా నమ్మాలంటే ఆ ఖర్చు చివరికి నిజాయితీగా ఉండేవాళ్ళే మొయ్యాలి.

ఇదంతా ఒప్పుకున్నాక కూడా నేను నా మాట మీదే ఉన్నాను. నమ్మడమంటే పరీక్షించకపోవడం కాదు. పరీక్షించే శ్రమ ఎవరిది అన్నదే తగువు. ప్లగ్ చూడమని అడగడం అపనమ్మకం కాదు, ఒక్క నిమిషం పని. చూశాను, ఇదిగో ఫోటో, ఇదిగో మెషీనే చూపించిన ఎర్రర్ కోడ్ అన్నాక కూడా మళ్ళీ అదే చేయమనడం అపనమ్మకం. స్క్రిప్టు మొదటి మెట్టు దగ్గర ఉండొచ్చు. దాన్ని దాటించే అధికారం ఫోనెత్తినవాళ్ళకు ఉండాలి. తడిసిన బోర్డు, పగిలిన మూల ఏ ఇంజినీరు కంటికైనా దొరుకుతాయి. మోసం పట్టుకోవడానికి కంపెనీకి పార్టులున్నాయి, పరికరాలున్నాయి, ఇంజినీర్లున్నారు. కస్టమర్‌కి ఉన్నది తను చూసింది చెప్పే నోరు ఒక్కటే. బరువు మోయగలిగినవాళ్ళ మీదే బరువు పెట్టాలి కదా.

2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని క్రమంగా దెబ్బతింటున్నట్టు బయటపడింది. గేమ్ ఆడుతుంటే "వీడియో మెమరీ చాలడం లేదు" అని ఎర్రర్ వచ్చి ఆగిపోయేది. ఆ సందేశం చూసిన ఎవరైనా తెరమీద బొమ్మను చూపించే గ్రాఫిక్స్ కార్డునే అనుమానిస్తారు. లోపం ప్రాసెసర్‌లో ఉంది. ఇలాంటప్పుడు కస్టమర్ చెప్పే రోగనిర్ధారణ తప్పు కావచ్చు, కానీ లక్షణం తప్పు కాదు. నమ్మాల్సింది ఆ లక్షణాన్ని. ఒకే లక్షణం వేలమంది చెబుతుంటే, దాన్ని ఒకచోట పోగేసి చూడగలిగింది కంపెనీయే. ఆ ఏడాది ఆగస్టులో ఇంటెల్ ఆ ప్రాసెసర్ల వారంటీని మరో రెండేళ్ళు పొడిగించింది.

గట్టిగా అరిచినవాళ్ళకే న్యాయం

నమ్మకం మామూలు దారిలో దొరక్కపోతే జనం ఇంకో దారి వెతుక్కుంటారు. 2005లో జెఫ్ జార్విస్ అనే అమెరికన్ పాత్రికేయుడు, ఇంటికొచ్చి బాగుచేసే నాలుగేళ్ళ సర్వీసుకు డబ్బు కట్టి డెల్ ల్యాప్‌టాప్ కొన్నాడు. అది పాడైతే, ఇంటికి వచ్చే మనిషి దగ్గర పార్టులుండవు, మెషీనే పంపించండి అన్నారు. ఆయన తన బ్లాగులో దుమ్మెత్తిపోశాడు, వందలమంది తమ గోడు జతచేశారు, పత్రికలు ఎత్తుకున్నాయి. చివరికి కంపెనీ పెద్దలకు రాశాక ఆయన డబ్బు వెనక్కి వచ్చింది. మరుసటి ఏడాది డెల్ తనే బ్లాగు మొదలుపెట్టి, ఇంటర్నెట్‌లో ఫిర్యాదు చేసేవాళ్ళను వెతికి పలకరించడం మొదలెట్టింది.

దీన్ని చాలామంది కస్టమర్ గెలుపుగా చెబుతారు. నాకు అందులో సగం ఆనందం, సగం దిగులు. కంపెనీ మారినందుకు ఆనందం. కానీ అప్పటినుంచి ప్రపంచమంతా ఒక పాఠం నేర్చుకుంది: ఫోన్ చేస్తే పని కాదు, నలుగురిలో పరువు తీస్తే అవుతుంది. ఇవాళ ఏ కంపెనీ పేరు పెట్టి సోషల్ మీడియాలో నాలుగు మాటలు రాసినా, గంటలో "మీ ఇబ్బందికి చింతిస్తున్నాం, వివరాలు మెసేజ్ చేయండి" అని జవాబొస్తుంది. అదే సమస్యతో వరసలో ఓపిగ్గా నిలబడ్డవాళ్ళకు రాదు. అరవడం తెలియనివాళ్ళు, మొహమాటపడేవాళ్ళు, వయసు పైబడినవాళ్ళు, భాష అంతగా రానివాళ్ళు కట్టిన వారంటీ డబ్బు మాత్రం తక్కువేం కాదు. నా చుట్టూ ఉన్నవాళ్ళలో మెషీను పోయిందని చెప్పడానికే జంకి, సొంత డబ్బుతో బాగుచేయించుకున్నవాళ్ళు ఉన్నారు, అదీ వారంటీ ఉండగానే. "వాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేను బాబూ" అంది మా సహోద్యోగి తల్లిగారు. ఈ పద్ధతి వల్ల ఎక్కువ నష్టపోయేది ఆవిడ లాంటివాళ్ళు. వాళ్ళ ఫిర్యాదు ఏ లెక్కలోకీ ఎక్కదు.

కస్టమర్ చేతిని కూడా

నమ్మకం మాట దగ్గరే ఆగదు, చేతిదాకా రావాలి. థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల విషయంలో ఐబీఎం కాలం నుంచీ, 2005లో ఆ వ్యాపారం లెనోవోకు మారాక కూడా ఒక మంచి అలవాటు నడుస్తోంది. ఏ స్క్రూ ఎక్కడుంది, ఏది ముందు విప్పాలి, ఏ పార్టు నంబరేంటి అన్నీ ఉన్న సర్వీస్ మాన్యువల్‌ని ఎవరైనా దించుకోవచ్చు. కీబోర్డు పోతే పార్టు పంపిస్తారు, మనమే మార్చుకోవచ్చు. నా అనుభవంలో అలాంటి మాన్యువల్ చేతిలో ఉన్న రోజున సపోర్ట్‌తో సంభాషణ తీరే మారిపోతుంది. "కీబోర్డు పనిచేయట్లేదు" బదులు పార్టు నంబరుతో మాట్లాడతాం, అవతలివాళ్ళూ అలాగే మాట్లాడతారు. ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ 2021లో తెచ్చిన ల్యాప్‌టాప్‌లో లోపలి భాగాల మీదే క్యూఆర్ కోడ్‌లు అచ్చువేసింది, స్కాన్ చేస్తే మార్చే విధానం వస్తుంది. ఏళ్ళపాటు ససేమిరా అన్న యాపిల్ కూడా 2022లో అమెరికాలో జనానికి పార్టులు అమ్మడం, మాన్యువల్స్ అందుబాటులో ఉంచడం మొదలుపెట్టింది.

దీనికి ఎదురుగా ఉన్నది స్క్రూ మీద అంటించే స్టిక్కరు, ఇది చిరిగితే వారంటీ పోతుందని. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టం ప్రకారం ఇలాంటి షరతు చెల్లదని అక్కడ వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది. 2024లో మళ్ళీ రాయాల్సి వచ్చింది, ఈసారి అందుకున్నవాళ్ళలో ఏఎస్‌రాక్, గిగాబైట్, జోటాక్ లాంటి కంప్యూటర్ భాగాల తయారీదార్లు ఉన్నారు. దుమ్ము ఊడ్చుకోవడానికి మూత తీసినవాళ్ళను నేరస్తుల్లా చూసే ఆ చిన్న కాగితం ముక్క నాకు ఎప్పుడూ అవమానంగానే అనిపిస్తుంది.

అంతవరకూ మనం చేయగలిగింది

కంపెనీలు మారేదాకా ఊరికే కూర్చోలేం కాబట్టి నేను పాటించేవి కొన్ని చెబుతాను. ఫోన్ కన్నా రాతకే ప్రాధాన్యమిస్తాను. ఫోనులో చెప్పక తప్పకపోతే, పెట్టేముందు "మీరు కేసులో ఏం రాశారో ఒకసారి చదివి వినిపించండి" అని అడుగుతాను. నా రెండు నిమిషాల వర్ణన "డిస్‌ప్లే సమస్య"గా మారకుండా చూసుకునేది అక్కడే. ఎవరూ విసుక్కోలేదు, కొందరైతే అప్పటికప్పుడు దిద్దారు. ఉండుండి వచ్చే లోపమైతే వచ్చిన క్షణంలో వీడియో తీస్తాను. మెషీనులోనే ఉండే హార్డ్‌వేర్ టెస్టు ముందే నడిపి, అది ఇచ్చిన కోడ్‌ని మొదటి వాక్యంలో పెడతాను, ఎందుకంటే కంపెనీ నా మాట నమ్మకపోయినా తన టెస్టును నమ్మక తప్పదు. పంపేముందు డేటా కాపీ తీసుకోవడం సరే, వీలైతే డిస్క్ తీసి నా దగ్గర పెట్టుకుంటాను. డిస్క్ కస్టమర్ దగ్గరే ఉంచుకునే సర్వీసు కొన్ని కంపెనీలు విడిగా అమ్ముతాయి, ఆఫీసులకు అది తీసుకోమనే చెబుతాను.

ఇవన్నీ పనిచేస్తాయి. కానీ ఇవన్నీ నాకు తీరిక, కొంచెం పరిజ్ఞానం ఉన్నందువల్ల కుదిరినవి. ఇందాక చెప్పిన సహోద్యోగి తల్లిగారు వీడియో తీసి, ఎర్రర్ కోడ్ రాసి, నోట్సు చదివించుకోవాలా? ఆవిడకు పనికొచ్చేది చట్టం. యూరోపియన్ యూనియన్‌లో 2022 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, కొన్న ఏడాదిలోపు బయటపడిన లోపం అమ్మేనాటికే ఉన్నట్టు లెక్క. కాదంటే అమ్మినవాళ్ళే నిరూపించాలి. అంతకుముందు ఈ గడువు ఆరు నెలలు. కొన్నవాళ్ళు సాక్ష్యం మోసుకొని తిరగక్కర్లేదు. ఇది అన్నిచోట్లా రావాలని, ఏడాదితో ఆగకుండా వారంటీ ఉన్నంతకాలం వర్తించాలని నా కోరిక.

మా ఆఫీసు మాత్రం చట్టం కోసం ఆగలేదు. మెషీన్లు తీసుకునేటప్పుడు ఒప్పందంలో ఒక వాక్యం చేర్చమంటున్నాం: కంపెనీ సొంత టెస్టు లోపం చూపిస్తే, మళ్ళీ పరీక్షలు అడక్కుండా పార్టు పంపాలి. కొందరు ఆ వాక్యం చూసి పైవాళ్ళనడగాలన్నారు, ఒకరు కొట్టేసి తిరిగి పంపారు. సంతకం పెట్టినవాళ్ళ దగ్గర కొంటున్నాం.